అబ్బా అదసా, భాంజా కెమెరా

ఈ మధ్య మా భాంజా ఫోన్ చేశాడు. "మామూ, ఒక లెన్స్ చూశాను. షాదీల్లో దుల్హన్ క్లోజప్‌లు దాంతో తీస్తే ఖయామతే! యాభై వేల దగ్గర అవుతుంది. కిస్తీల మీద తీసుకుందామనుకుంటున్నా. మీరు జమానత్ ఉంటారా?" అన్నాడు.

వాడు ఇంజనీరింగ్ చదివాడు. నౌకరీ దొరక్క రెండేళ్లుగా షాదీ ఫోటోలు తీస్తున్నాడు. కెమెరా కొన్న కిస్తీలే ఇంకా తీరలేదు. దాని మీద మళ్లీ కిస్తీ అంటే మళ్లీ సూద్. నేను హా అనలేదు, నహీ అనలేదు. "ఆదివారం కర్నూలు రా బేటా. మీ నానా అల్మారీ ఒకసారి తెరుద్దాం" అన్నాను.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. మీ ఇంట్లో పాత ఫిల్మ్ కెమెరా లెన్స్ ఒకటి మూల పడి ఉండి, మీ పిల్లల చేతిలో మిర్రర్‌లెస్ కెమెరా ఉంటే, కొత్త లెన్స్ కోసం అప్పు చేసే ముందు ఆర్నెల్లు ఆ పాతదాన్ని వాడనివ్వండి. ఆ తర్వాత కూడా కొత్తది జరూరత్ అనిపిస్తే కొనుక్కోనివ్వండి. అప్పటికి ఏది కొనాలో, ఎందుకు కొనాలో వాళ్లకే తెలుస్తుంది.

మా అబ్బాది చిన్న స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోలు, హజ్‌కి వెళ్లేవాళ్ల ఫోటోలు, నిఖా, వలీమా, అఖీఖా... ఏది వచ్చినా ఆయన చేతిలో ఒకటే కెమెరా, పెంటాక్స్ కె1000. 1976లో వచ్చిన మోడల్ అది. ఇరవై ఏళ్లకు పైగా కంపెనీ దాన్ని తయారు చేస్తూనే ఉంది. దానికి 50 ఎంఎం, ఎఫ్/2 లెన్స్. ఆటోఫోకస్ లేదు. ఫోకస్ చెయ్యాలన్నా, అపెర్చర్ మార్చాలన్నా లెన్స్ మీది రింగు వేళ్లతో తిప్పాల్సిందే.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేసినప్పుడు మా స్టూడియో కూడా మునిగింది. నెగెటివ్‌లు పోయాయి. ఎన్లార్జర్ పోయింది. ఎంతమంది షాదీలు, ఎంతమంది గుజరిపోయిన బుజుర్గుల ముఖాలు బురదలో కలిసిపోయాయో! ఆ రోజు అబ్బా భుజాన ఉన్న సంచీలో ఆ కెమెరా, ఆ లెన్స్ మాత్రం మిగిలాయి. అప్పటికే డిజిటల్ జమానా వచ్చేసింది కాబట్టి అబ్బా మళ్లీ షట్టర్ ఎత్తలేదు. కెమెరాని గుడ్డలో చుట్టి అల్మారీలో పెట్టాడు, అంతే.

నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నాను. మా సైన్స్ కితాబ్‌లో లెన్స్‌ని 'అదసా' అనేవాళ్లు. ముహద్దబ్ అదసా, ముఖఅర్ అదసా అని బట్టీ పట్టాం. తర్వాత తెలుగులోకి వచ్చాక అవే కుంభాకార కటకం, పుటాకార కటకం అయ్యాయి. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అరబ్బీలో అదస్ అంటే మసూర్ పప్పు అని. ఇంగ్లీషు లెన్స్ అనే మాట కూడా లాటిన్‌లో అదే పప్పు పేరు నుంచి వచ్చిందట. రెండు వైపులా ఉబ్బిన ఆ గాజు బిళ్ల అచ్చం పప్పు గింజలాగే ఉంటుంది కదా! మా అమ్మీకి చెబితే, "మీ అబ్బా జిందగీ అంతా పప్పు గింజతోనే మనకి పప్పు పెట్టాడన్నమాట" అని నవ్వింది.

ఇక అసలు సంగతి. ఆ పాత లెన్స్ కొత్త కెమెరాకి ఎలా పడుతుంది? ఇందులో జాదూ ఏం లేదు, హిసాబే ఉంది.

పాత కెమెరాల్లో లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య ఒక అద్దం ఉండేది. దానికి చోటు కావాలి కాబట్టి లెన్స్‌ని దూరంగా బిగించేవాళ్లు. పెంటాక్స్‌లో ఆ దూరం 45.46 మిల్లీమీటర్లు. మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు కాబట్టి ఆ దూరం బాగా తగ్గింది. సోనీ ఈ-మౌంట్‌లో 18, నికాన్ జెడ్‌లో 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌లో 20 మిల్లీమీటర్లు. పాత లెన్స్‌కి దాని పాత దూరం దానికి దక్కితే చాలు, పని చేస్తుంది. సోనీ బాడీ అయితే 27.46 మిల్లీమీటర్ల ఖాళీ పూడ్చాలి. ఆ ఖాళీని పూడ్చే గొట్టమే అడాప్టర్. అందులో గాజు ఉండదు, కరెంటు ఉండదు. గాజు లేదు కాబట్టి ఫోటో క్వాలిటీని చెడగొట్టేదీ ఏమీ ఉండదు. మేం పదిహేను వందల లోపే కొన్నాం.

బిగించగానే కెమెరా మొరాయించింది. లెన్స్ లేదని చెప్పి షట్టర్ నొక్కనివ్వలేదు. భాంజా ముఖం చిన్నబోయింది. అసలు కారణం ఏమిటంటే, ఆ లెన్స్‌కీ కెమెరాకీ మధ్య మాటామంతీ ఉండదు. మెనూలో 'లెన్స్ లేకపోయినా షట్టర్ విడుదల' అనే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని ఆన్ చెయ్యాలి. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే 50 ఎంఎం అని మనమే చెప్పాలి. తర్వాత ఫోకస్ పీకింగ్ ఆన్ చేస్తే, ఫోకస్ కుదిరిన అంచుల మీద ఎర్రటి రంగు మెరుస్తుంది. ఇంకా ఖచ్చితంగా కావాలంటే మాగ్నిఫైతో కంటిపాపని పెద్దది చేసి చూసుకోవచ్చు. అబ్బా జమానాలో ఈ సౌకర్యాలేవీ లేవు.

అబ్బాకి డెబ్బై దాటాయి. మోతీబిందు ఆపరేషన్ అయింది. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి, రింగు తిప్పి, ఆ ఎర్ర గీతలు అమ్మీ ముఖం మీదికి వచ్చి ఆగడం చూశాడు. "నేను కళ్లు చిట్లించి చిట్లించి వెతికింది ఇది రంగేసి చూపిస్తోందే!" అన్నాడు. కాసేపాగి, "నా కంట్లో పాత బాడీకి కొత్త లెన్స్ వేశారు. దీనికి కొత్త బాడీకి పాత లెన్స్ వేశారు. హిసాబ్ బరాబర్" అన్నాడు. ఎన్నేళ్లకో ఆయన ముఖంలో ఆ రౌనక్ చూశాను.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి మగ్రిబ్ దాకా నానా, నవాసా ఇద్దరూ ఆ లెన్స్‌తోనే కూర్చున్నారు. అబ్బా వాడికి ముందు నేర్పింది దూరం అంచనా కట్టడం. "మీ నానీ ఎంత దూరంలో ఉంది చెప్పు" అనేవాడు. వాడు తప్పు చెబితే అడుగులతో కొలిపించేవాడు. ఎనిమిదో నంబర్ అపెర్చర్ పెట్టి మూడు మీటర్ల దగ్గర రింగు ఆపితే, వాడి కెమెరాలో దాదాపు రెండున్నర నుంచి మూడున్నర మీటర్ల మధ్య ఉన్నదంతా సాఫ్‌గా వస్తుంది. ఇక ఫోకస్ కోసం వెతుక్కోనక్కర్లేదు, ఎదుటి మనిషి ముఖంలో నవ్వు కోసం చూస్తే చాలు. "పయిలే దేఖ్ బేటా, ఫిర్ దబా" అనేవాడు అబ్బా మాటిమాటికీ. ముందు చూడు, తర్వాత నొక్కు అని.

నా దలీల్ అంతా ఈ మాటలోనే ఉంది. మా భాంజా ఒక్క షాదీకి మూడు వేల ఫోటోలు తీస్తాడు. వాటిలోంచి రెండొందలు ఏరడానికి వారం పడుతుంది. అబ్బా మూడు రోల్స్‌తో వెళ్లేవాడు. రోల్‌కి 36 ఫోటోలు, మొత్తం 108. ప్రతి నొక్కుకీ పైసలు ఖర్చు కాబట్టి ప్రతి నొక్కుకీ ముందు చూసేవాడు. చేత్తో ఫోకస్ చేసే లెన్స్ ఆ ఖర్చు లేకుండానే ఆ ఆదత్ నేర్పుతుంది. అది తొందరపడనివ్వదు. వెలుతురు ఎటు నుంచి పడుతోందో, వెనకాల ఏముందో చూసే మోహలత్ ఇస్తుంది. ఇలాంటి సబ్ర్ యాభై వేల లెన్స్‌తో పాటు డబ్బాలో రాదు.

నిజాం దర్బారులో ఫోటోలు తీసిన రాజా దీన్ దయాళ్‌కి ఆరో నిజాం 'ముసవ్విర్ జంగ్' అని ఖితాబ్ ఇచ్చాడు. ఖితాబ్ మనిషికి ఇచ్చాడు, ఆయన వాడిన కెమెరాకి కాదు. హునర్ ఎక్కడ ఉంటుందో ఆ పాతకాలం వాళ్లకి తెలుసు.

అయితే ఇన్సాఫ్‌గా రెండో వైపు కూడా చెప్పాలి. పోయినేడు మా భతీజీ నిఖాకి నేను కాస్త ఘమండ్‌తో ఈ లెన్సే పెట్టుకుని వెళ్లాను. రుఖ్సతీ వేళ అమ్మాయి మా భాయ్‌ని పట్టుకుని ఏడుస్తోంది. నేను మీటరున్నర దూరంలో ఉన్నాను. వెలుతురు తక్కువని అపెర్చర్ పూర్తిగా తెరిచి, రెండు దగ్గర పెట్టాను. ఆ దూరంలో అలా తెరిస్తే సాఫ్‌గా వచ్చేది ఏడు సెంటీమీటర్ల లోతు మాత్రమే. వాళ్లు కదిలారు, నా వేళ్లు అందుకోలేకపోయాయి. దుపట్టా మీద జర్దోజీ పని దారం దారం కనిపిస్తోంది, తండ్రీకూతుళ్ల ముఖాలు మాత్రం మసక. భాయ్ ఇప్పటికీ అడుగుతాడు, "ఆ ఫోటో ఏదిరా?" అని. నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి పైసలు తీసుకుని తీసే షాదీలో "ఖుబూల్ హై" అన్న క్షణానికీ, రుఖ్సతీకీ ఆటోఫోకస్ కావాల్సిందే. ఎదుటివాళ్ల ఖుషీ మన చేతిలో అమానత్. దాని మీద మన షౌఖ్ తీర్చుకోకూడదు. పాత లెన్స్‌కి వేరే ఖామీలు కూడా ఉన్నాయి. దాని పూత పాతది కాబట్టి ఫంక్షన్ హాల్ లైట్లు ఎదురుగా ఉంటే ఫోటో అంతా తెల్లగా పాలిపోతుంది. పూర్తిగా తెరిచినప్పుడు తెల్లటి బట్టల అంచున ఊదారంగు గీత వస్తుంది. నాలుగుకి మూస్తే చాలావరకు సర్దుకుంటుంది. చిన్న సెన్సార్ కెమెరాలో 50 ఎంఎం కాస్తా 75 ఎంఎం లాగా కనిపిస్తుంది. అందుకని ఇరుకు గదిలో ఖాందాన్ మొత్తాన్ని తియ్యలేం, ఒక్కో ముఖం తియ్యడానికి మాత్రం చక్కగా సరిపోతుంది.

ఇంకో హెచ్చరిక. ఈ పాత లెన్సులు ఇప్పుడు ఫ్యాషన్ అయ్యాయి. రష్యా హీలియోస్ 44 ఒకప్పుడు జెనిత్ కెమెరాతో పాటు వచ్చే మామూలు లెన్స్. వెనకాల చెట్ల ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయని ఇప్పుడు దానికి గిరాకీ పెరిగింది. అమ్మేవాళ్లు ప్రతిదాన్నీ 'రేర్' అంటున్నారు. కొత్త లెన్స్ మోజు ఇస్రాఫ్ అయితే, పాత లెన్సులు పది కొని షోకేసులో పెట్టుకోవడం కూడా ఇస్రాఫే. నేను చెప్పేది ఇంట్లో ఉన్నదాన్ని వాడమని, లేనిదాని వెంట పడమని కాదు.

ఇంట్లో ఉన్నదాన్ని తీసినప్పుడు ముందు టార్చి వేసి లోపలికి చూడండి. సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. ముదిరితే గాజునే తినేస్తుంది. మాది అంచున కొంచెం పట్టింది, హైదరాబాద్‌లో ఒక పాత మెకానిక్ శుభ్రం చేసిచ్చాడు. తోలు కేసులో పెట్టొద్దు, తోలు తేమని పట్టుకుంటుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. నెల్లూరు, బందరు లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లవాళ్లకి ఇది మరీ జరూరీ. 1960, 70లలో వచ్చిన కొన్ని లెన్సుల గాజులో థోరియం ఉండేది. అలాంటి గాజు కాలం గడిచేకొద్దీ పచ్చబడుతుంది. వాటిని విప్పొద్దు, పిల్లలకి ఆటవస్తువుగా ఇవ్వొద్దు.

ఇంతకీ మా భాంజా ఏం చేశాడంటారా? ఆర్నెల్లు ఆగాడు. కిస్తీల మీద కొత్తది కొనలేదు. షాదీల సంపాదనలో కూడబెట్టి ఒక సెకండ్‌హ్యాండ్ ఆటోఫోకస్ లెన్స్ నఖద్‌గా కొన్నాడు. అది 50 కాదు, 35 ఎంఎం. ఇరుకు ఇళ్లలో జరిగే నిఖాలకి అదే కావాలని వాడే తేల్చుకున్నాడు. మొదట అడిగిన యాభై వేల లెన్స్ ఊసే ఎత్తడం లేదు. రస్మ్‌లన్నీ కొత్తదాంతో తీస్తాడు. హడావుడి తగ్గాక నానీలనీ దాదీలనీ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మా అబ్బా లెన్స్‌తో ఒక్కొక్కరిదీ ఒక్కో తస్వీర్ తీస్తాడు. షాదీ ఆల్బమ్‌లో జనం ముందు అడుగుతున్నది ఆ తస్వీర్‌లనే అని చెప్పాడు.

మన ఊళ్లలో స్టూడియోలు మూసేసిన చాచాలు ఇంకా ఉన్నారు. ఎవరో టీ కొట్టు దగ్గర, ఎవరో మస్జిద్ అరుగు మీద కూర్చుని ఉంటారు. దూరం చూసి రింగు తిప్పే ఆ వేళ్లకి ఇంకా అంతా యాదే. మాకు వరదలో నెగెటివ్‌లు పోయాయి, వాటిని ఎవరూ తెచ్చివ్వలేరు. ఆ చాచాల చేతుల్లో ఉన్న హునర్ మాత్రం వరద లేకుండానే పోతోంది. కబాడీవాడికి ఆ కెమెరా వేసే ముందు మీ పిల్లవాడిని ఒక్క ఆదివారం ఆయన పక్కన కూర్చోబెట్టండి. లెన్స్ బాగుందో లేదో ఆయనే చెబుతాడు.