నూరు శాతం... ఎంతలో?

తెలుగు మాధ్యమపు భౌతికశాస్త్ర పుస్తకాలలో 'సెల్'ను విద్యుద్ఘటం అన్నారు. ఘటాలను వరుసగా గుచ్చితే ఘటమాల, అనగా బ్యాటరీ. ఈ మాట జనం నోట నిలవలేదు. నిలవనందుకు నేనేమీ విలపించను. అయితే విద్యుత్తు కార్ల విషయం ఆలోచించేటప్పుడు మాత్రం బ్యాటరీ కన్న ఘటమే నాకు ఎక్కువ ఉపకరిస్తున్నది. కుండ అనగానే రెండు ప్రశ్నలు సహజంగా పుడతాయి. కుండ ఎంత నిండింది? అసలు కుండ ఎంత పెద్దది? కారులో చోదకుని ఎదుటనున్న తెర మొదటి ప్రశ్నకు క్షణక్షణమూ జవాబు చెబుతుంది. రెండవదానికి చాలా కార్లలో జవాబే ఉండదు. ఉండి తీరాలన్నదే ఈ టపాలో నా వాదం.

లెక్క చూడండి. 2020 జనవరిలో మన దేశంలో అమ్మకానికి వచ్చిన టాటా నెక్సాన్ విద్యుత్తు కారు బ్యాటరీ 30.2 కిలోవాట్ గంటలది. కిలోవాట్ గంట అంటే భయపడనక్కరలేదు. మన కరెంటు బిల్లులో 'యూనిట్' అని ఉండేదే అది. అంటే ముప్పై యూనిట్లు పట్టే కుండ. అట్టి కారు ఒకటి అయిదారేండ్లు తిరిగిన పిమ్మట దాని కుండ ఇరవయ్యేడు యూనిట్లకు కుంచించుకుపోయిందనుకొందాం. రాత్రి చార్జింగుకు పెట్టి ఉదయం చూస్తే తెర మీద ఏముంటుంది? నూరు శాతం! అది అబద్ధం కాదు. నేటి కుండలో నూరు శాతం. నిన్నటి కుండ ఊసే దానికి పట్టదు. శాతమనేది హారాన్ని మింగి లవాన్ని మాత్రమే చూపే లెక్క. మానిక అడుగున మైనం పూసి, 'చూడు, నిండుగానే కొలిచాను కదా' అనే వర్తకునితో మనం వాదించగలమా? మానిక నిండిన మాట నిజమే కదా!

ఈ సంగతి మా వైపు రైతులకు కొత్త కాదు. శ్రీరాంసాగర్ జలాశయం, మన పోచంపాడు, 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసినది. దాని పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. తొలి లెక్కలో ఆ మట్టానికి నిలవ 112 టీఎంసీలు. గోదావరి తెచ్చిన పూడిక చేరగా తరువాతి సర్వేలో అది 90.3కు దిగింది, అటు పిమ్మటి లెక్కలో 80.5 టీఎంసీలకు వచ్చింది. ఇప్పటికీ మంచి వాన కాలంలో 1091 అడుగులు నిండితే పత్రికలు 'నిండుకుండలా శ్రీరాంసాగర్' అని రాస్తాయి. నిండుకుండే. కాని తొలినాటి కుండలో నూటికి డెబ్బదిరెండు వంతులే. కోరుట్ల, జగిత్యాల వైపు ఆయకట్టు రైతుకు కావలసినది అడుగుల లెక్క కాదు, టీఎంసీల లెక్క. నీటిపారుదల ఇంజనీర్లు పడవలలో తిరిగి, లోతులు కొలిచి, ఆ రెండవ అంకెను వెలికి తీసి లోకానికి చెప్పారు. కారు కొన్నవానికి మాత్రం అడుగులే చూపుతాం, టీఎంసీలు అడగవద్దంటే ఎట్లా?

బ్యాటరీలో పూడిక ఏమిటంటారా? చార్జింగు వేళ లిథియం అయాన్లు అవతలి ధ్రువం నుంచి వచ్చి గ్రాఫైటు పొరల నడుమ ఒదుగుతాయి; బండి నడిచేటప్పుడు తిరిగిపోతాయి. తొలి చార్జింగులలోనే గ్రాఫైటు మీద ఒక పలుచని పొర కడుతుంది. ఆ పొర లేకుంటే బ్యాటరీ మనజాలదు. అది ఏటేటా మందమవుతున్న కొద్దీ కొంత లిథియం అందులోనే చిక్కుకొని రాకపోకలకు దూరమవుతుంది. నడిపినందువల్ల వచ్చే అరుగుదల ఒకటి, ఊరకే ఉన్నా వయసువల్ల వచ్చేది మరొకటి. రెండవదానికి ప్రధాన శత్రువు వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మా ముస్తాబాదు ఎండలో, పూర్తిగా నింపిన బ్యాటరీతో బండిని రోజుల తరబడి నిలిపి ఉంచడం దానికి అన్నిటికన్న చేటు. ద్రవంతో చల్లబరచే ఏర్పాటున్న బండ్లు కొంత నయం.

దీనికి నిదర్శనం అమెరికాలో దొరికింది. నిస్సాన్ లీఫ్ అనే కారులో అప్పట్లో బ్యాటరీని చల్లబరచే ఏర్పాటు ఉండేది కాదు. ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ మన జగిత్యాలకు ఏమాత్రం తీసిపోని ఎండల ఊరు. 2012 నాటికి అక్కడి లీఫ్ యజమానులు తమ బండ్లు వేగంగా సత్తువ కోల్పోతున్నాయని గుర్తించారు. ఎట్లా గుర్తించారు? ఆ కారులో నిండుదనం చూపే గీతలే కాక, కుండ పరిమాణం చూపే పన్నెండు గీతలు వేరుగా ఉన్నాయి. ఆ రెండవ వరుసలో గీతలు రాలిపోతుంటే కంటికి కనబడింది. బండ్లన్నీ ఒకచోట చేర్చి తామే నడిపి పరీక్షించారు. తుదకు ఆ సంస్థ అయిదేండ్లు లేదా అరవై వేల మైళ్లలోపు తొమ్మిది గీతలకన్న తగ్గితే బాగుచేసి ఇస్తామని హామీ ఇవ్వవలసి వచ్చింది. ఆ సంస్థను నిందించేవారు ఒక్కటి మరువరాదు: సాక్ష్యాన్ని తన బండిలోనే పెట్టి అమ్మినది కూడా ఆ సంస్థయే. ఆ పన్నెండు గీతలు లేకుంటే ఫీనిక్స్ వాసుల మాట 'మీరు నడిపే తీరు బాగాలేదు' అన్న ఒక్క జవాబుతో గాలికి పోయేది.

'తెర మీద ఇంకా ఇన్ని కిలోమీటర్లు నడుస్తుందని చూపుతున్నది కదా, అది చాలదా?' అని అడిగేవారున్నారు. చాలదు. అది కొలత కాదు, జోస్యం. నిన్న మొన్న నడిపిన తీరును బట్టి రేపటిని ఊహిస్తుంది. సిద్ధిపేట మీదుగా హైదరాబాదుకు పోయే దారిలో వేగం పెంచి, శీతలయంత్రం వేసుకొని పోయినవానికి ఒక అంకె. ఊళ్లోనే మెల్లగా తిరిగినవానికి మరొక అంకె. కుండ మాత్రం ఒక్కటే.

కాబట్టి తెర చెప్పనంతవరకు యజమానే చెప్పుకోవాలి. దీనికి పాండిత్యం అక్కరలేదు, ఒక నోటుపుస్తకం చాలు. ఇంట్లో చార్జింగు తీగకు ఒక సబ్‌మీటరు పెట్టించుకోవాలి. ఏడాదికొకసారి, అదే నెలలో, అదే చార్జరుతో, ఇరవై శాతం నుంచి నూరు దాకా నింపి ఎన్ని యూనిట్లు కాలిందో రాసుకోవాలి. 30.2 యూనిట్ల కుండలో ఎనభై వంతులంటే ఇరవైనాలుగు యూనిట్ల చిల్లర. దారిలో వేడిగా పోయే నష్టం కలుపుకొని మీటరు మీద ఇరవయ్యేడు తిరిగిందనుకొందాం. కొన్నేండ్లకు అదే ఎనభై వంతులకు 24.3 మాత్రమే తిరిగితే, కుండ తొమ్మిది పదులకు వచ్చిందని అర్థం. ఇది గజం బద్దతో పొలం కొలవడం వంటిది. ఒక వంతు రెండు వంతులు అటూ ఇటూ పోవచ్చు. అయినా ఏటేటి అంకెలు వరుసగా ఉంటే వాలు తెలుస్తుంది.

దీనికన్న సూక్ష్మమైన దారీ ఉంది. స్టీరింగు కింద మెకానిక్కులు యంత్రం తగిలించే సాకెట్టుకు బ్లూటూత్ పరికరమొకటి పెట్టి, ఫోనులో బ్యాటరీ 'ఆరోగ్యం' చదివే ఆప్‌లు కొన్ని కార్లకు ఉన్నాయి. నేనైతే దానిని ధారణాశక్తి అంటాను. అవధానుల మాట కనుక నాకు ప్రీతి. అయితే అదీ బండిలోని కంప్యూటరు వేసే అంచనాయే. ఇప్పుడు మన కార్లలో విరివిగా వస్తున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల వోల్టేజి నడిమి భాగంలో దాదాపు సమతలంగా ఉంటుంది. ఆ వోల్టేజిని చూసి ఎంత నిండిందో చెప్పడం కంప్యూటరుకే కష్టం. అందుకే అప్పుడప్పుడు నూరు దాకా నింపమని తయారీదారులు చెబుతారు. ఆ పని చేయకుండా ఫోనులో అంకె చూసి బెంబేలెత్తడం తగదు. తొలి ఏడాది కాస్త ఎక్కువ తగ్గి, ఆపైన నెమ్మదించడం చాలా బ్యాటరీల స్వభావం. మొదటి యూనిట్ పరీక్ష మార్కులు చూసి పదో తరగతి తప్పుతాడని తేల్చే తండ్రులను నేను చాలామందిని చూశాను.

వేలాది వాహనాల సమాచారం కూడగట్టిన జియోటాబ్ సంస్థ 2024లో చెప్పిన సగటు ఏడాదికి 1.8 శాతం. ధైర్యమిచ్చే అంకెయే. అయితే సగటు మనది కాదు. ఆ బండ్లలో ఎక్కువ మన ఎండలు ఎరుగని దేశాలవి. తెలంగాణలో ఇది ఎంత అన్నది ఇక్కడి బండ్లు మాత్రమే చెప్పగలవు, చెప్పే నోరు వాటికి ఇస్తే.

అంకె చూపితే జనం బెదిరి కొనడం మానేస్తారని అమ్మేవారి భయం. ఈ వాదానికి నేను లొంగను. మార్కుల మెమో దాచిపెడితే పిల్లవాడు ఉత్తీర్ణుడు కాడు. పైగా లోకం ఆ దారిలోనే పోతున్నది. 2022లో ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల వేదిక 22వ ప్రపంచ సాంకేతిక నియమాన్ని తెచ్చింది: అయిదేండ్లు లేదా లక్ష కిలోమీటర్లకు ఎనభై శాతం, ఎనిమిదేండ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లకు డెబ్బది శాతం మిగిలి ఉండాలి, ఆ అంకెను యజమాని తెలుసుకోగలగాలి. కాలిఫోర్నియా 2026 నమూనా కార్ల నుంచి బ్యాటరీ ఆరోగ్యాన్ని చోదకునికి చూపి తీరాలన్నది. ఐరోపా సమాఖ్య 2027 ఫిబ్రవరి 18 నుంచి ప్రతి కారు బ్యాటరీకి ఒక పాస్‌పోర్టు ఉండాలని చట్టం చేసింది. కొలతలకు ముద్ర వేయించడం మన దేశానికి కొత్త కాదు. కిరాణా తక్కెడకు, పెట్రోలు పంపుకు ఉన్న ముద్ర ఈ కుండకు ఎందుకుండరాదు?

ఇది మా వంటి మండలాలకు మరీ ముఖ్యం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి విద్యుత్తు వాహనాలకు రోడ్డుపన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించగా లాభపడినది ప్రధానంగా కొత్త బండి కొనగలవారు. సిరిసిల్లలో, ముస్తాబాదులో సామాన్యుడు కొనేది హైదరాబాదులో ఒకరు వాడి వదిలినది. 2020లో అమ్ముడైన తొలి కార్లకు ఎనిమిదేండ్ల బ్యాటరీ హామీ 2028లో తీరుతుంది. అప్పుడు అవి చవకగా మన అంగళ్లకు వస్తాయి. పెట్రోలు బండి అయితే పొగ రంగు చూసి, ఇంజను చప్పుడు విని మెకానిక్కు ఏదో ఒకటి చెబుతాడు. ఈ బండికి చప్పుడు లేదు, పొగ లేదు. తిరిగిన కిలోమీటర్లు చూసినా తెలియదు. యాభై వేలు తిరిగి ఎండలో మగ్గిన బండి, లక్ష తిరిగి నీడన ఉన్న బండికన్న అధ్వాన్నంగా ఉండవచ్చు. కారు వెలలో పెద్ద భాగం ఆ ఘటమాలదే. దాని కొలత తెలియకుండా బేరమాడడమంటే చెరువు లోతు చూడకుండా ఆయకట్టు కొనడమే. కనుక అట్టి బండి బేరానికి పోయేవారు రంగు, టైర్లు చూసే ముందు రెండు సంగతులు అడగండి: అధీకృత సర్వీసు కేంద్రం ముద్రతో బ్యాటరీ ఆరోగ్య నివేదిక ఉన్నదా? హామీ పత్రంలో ఎంత శాతానికి దిగితే బ్యాటరీ మారుస్తారని అంకె వేసి రాశారా? రెండూ లేవంటే, ఇరవై శాతానికి దించిన బండిని మీ కళ్లెదుట, మీటరు పెట్టి నింపించండి. ఒక రాత్రి పడుతుంది. అమ్మేవాడు ఆ ఒక్క రాత్రి ఇవ్వనంటే వెల తగ్గించి అడగడం మీ హక్కు.