చూపిస్తేనే బతికే విద్య

అమెరికాలో సరదా కొద్దీ కమ్మరిపని పట్టినవాళ్లకు చాలా రాష్ట్రాల్లో సంఘాలున్నాయి. సెలవురోజు చూసుకుని ఎవరో ఒకరి షెడ్డులో కలుస్తారు. బడిపంతుళ్లు, నర్సులు, లారీ డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, పదవీ విరమణ చేసినవాళ్లు, పై తరగతుల పిల్లలు అందరూ వస్తారు. ఈమధ్య చేసిన వస్తువుల్ని ఒక బల్ల మీద పరుస్తారు. గోడకు కొట్టే కొక్కేలు, ఇనప ఆకు వేలాడే తాళంచెవుల గొలుసులు, సీసా మూతలు తీసే పనిముట్లు, పొయ్యిలో కట్టెలు ఎగదోసే మెలి తిప్పిన కడ్డీలు, కొవ్వొత్తి దిమ్మెలు, కూరగాయల కత్తులు. చేసినవాళ్లు వస్తువును చేతికిచ్చి కథంతా చెబుతారు. ఎంత మందం కడ్డీ తీసుకున్నారు, ఎన్నిసార్లు కాల్చారు, ఎక్కడ పగులు వచ్చింది, ఎందుకు వచ్చిందనుకుంటున్నారు. 'టోపీలో ఇనుము' అని వాళ్లకో ఆచారం ఉంది. తలా ఒక వస్తువో, పాత పనిముట్టో తెచ్చి ఇస్తారు. చీటీలు కొంటారు. చీటీ తగిలినవాళ్లకు వస్తువు, వచ్చిన డబ్బు సంఘానికి.

దీన్ని తీరికున్నవాళ్ల కాలక్షేపంగా చూసేవాళ్లుంటారు. నాకు మాత్రం ఇందులో మన తెలుగువాళ్లం శ్రద్ధగా చూడవలసిన పాఠం కనిపిస్తోంది. చేతివిద్య దాచుకుంటే నిలవదు, నలుగురికి చూపిస్తే నిలుస్తుంది. దాచుకున్న చోట మనం ఏం పోగొట్టుకున్నామో చరిత్రలో ఉంది. చూపించిన చోట అదే విద్య ఎలా తిరిగి లేచిందో కూడా ఉంది.

ముందు ఆ పనిలో ఉన్న విద్య ఎంతటిదో చూద్దాం. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామందికి మొదటి పని ఎస్ ఆకారపు కొక్కెం. కడ్డీ రెండు కొసలూ సన్నగా సాగదీసి ఎదురెదురు దిక్కులకు వంచాలి. చెప్పడానికి ఇంతే. సాగదీయడం, వంచడం, కొస చుట్టడం, రెండు వైపులా ఒకే తీరు రావడం అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ తర్వాత ఆకు. కడ్డీ కొసకు కాస్త కింద మెడలా నొక్కి, పై భాగాన్ని పలచగా కొట్టి, ఈనెలు తీర్చాలి. ఆ తర్వాత పట్టుకారు. రెండు దవడలూ సరిగ్గా కలవాలి, నడుమ రివెట్టు బిగుసుకుపోకూడదు, వదులూ కాకూడదు. తన పట్టుకారు తాను చేసుకున్నవాడిని ఆ సంఘాల్లో పనివాడిగా లెక్కేస్తారు.

ఇనుము రంగును చూసి వేడి చెప్పగలగాలి. ఎరుపు వాడిపోతుండగా ఇంకా సుత్తి వేస్తే చీలుతుంది. నారింజ దాటి పసుపులోకి వచ్చినప్పుడు చెప్పినట్టు వింటుంది. తెల్లబడి నిప్పురవ్వలు చిమ్మిందంటే ఇనుమే కాలిపోతోందని అర్థం. కత్తి చేసేవాళ్లు పక్కన ఒక అయస్కాంతం పెట్టుకుంటారు. సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కణ్నుంచి మరికాస్త వేడెక్కనిచ్చి నూనెలో ముంచుతారు. ముంచిన కత్తి గట్టిపడుతుంది కానీ, కింద పడితే విరిగేంత పెళుసుగా ఉంటుంది. అందుకని వంటింటి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఉంచుతారు. మెరుగుపెట్టిన అంచు మీద ఎండుగడ్డి రంగు తేలిందంటే పెళుసు తగ్గిందన్నమాట. రైలుపట్టాల మేకును కత్తిగా మలచడం కొత్తవాళ్లకు భలే సరదా. ఆ మేకులో కర్బనం తక్కువ, పదును నిలవదు. ఈ సంగతి పాతవాళ్లే చెబుతారు, చెబుతూ లారీ కమాను పట్టీ ముక్క ఒకటి చేతిలో పెడతారు. జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టకు, ఆ పొగ పీలిస్తే జ్వరమొస్తుంది అని వెనువెంటనే హెచ్చరిస్తారు. ఇలాంటి మాటలు పుస్తకం చదివితే బుర్రకెక్కుతాయి. పక్కన నిలబడి చేసి చూపించేవాడుంటే చేతికెక్కుతాయి.

ఈ సంఘాలు పుట్టింది కూడా పని పోయే దశలోనే. ఇరవయ్యో శతాబ్దం నడుమకు వచ్చేసరికి అమెరికా పల్లెల్లో గుర్రాలు పోయి ట్రాక్టర్లు వచ్చాయి, కొలిములు ఆరిపోయాయి. అట్లాంటాలో ప్రకటనల రంగంలో పనిచేసే అలెక్స్ బీలర్ మిగిలిన పాత కమ్మర్ల పనితీరును పట్టి 1969లో 'ది ఆర్ట్ ఆఫ్ బ్లాక్‌స్మితింగ్' అన్న పుస్తకం రాశారు. 1973లో జార్జియా రాష్ట్రంలోని లంప్‌కిన్‌లో కొద్దిమంది కమ్మర్లు కలిసి ఉత్తర అమెరికా కళాకమ్మర్ల సంఘం పెట్టుకున్నారు. బ్రిటన్‌లో అలాంటి సంఘమే 1978లో మొదలైంది. బెర్లిన్ వెళ్లి మరీ పని నేర్చిన అమెరికా కమ్మరి ఫ్రాన్సిస్ విటకర్ 1999లో కన్నుమూసేదాకా తనకు తెలిసింది అడిగినవాళ్లందరికీ నేర్పుతూ పోయారు.

వీళ్లందరిలో విలియం మోరాన్ చేసిన పని నాకు గొప్పగా తోస్తుంది. మేరీలాండ్‌లో పశువుల పాకల మధ్య పెరిగిన ఆయన సరదాగా కత్తులు చేయడం మొదలుపెట్టి, చివరికి దాన్నే వృత్తి చేసుకున్నారు. రకరకాల ఉక్కు పొరల్ని కొలిమిలో అతికి, మడిచి, నీటి అలల్లాంటి గీతలు తేలే కత్తులు చేసి 1973లో ఒక ప్రదర్శనలో పెట్టారు. ఆ రోజుల్లో ఆ దేశంలో అది దాదాపు ఎవరికీ చేతకాని పని. గుట్టు దాచుకుంటే జీవితాంతం గిరాకీ తగ్గేది కాదు. ఆయన మాత్రం చేసే పద్ధతంతా చిన్న పుస్తకంగా అచ్చువేసి అక్కడే ఉచితంగా పంచారు. 1976లో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ స్థాపనకు నడుం కట్టారు. ఆ సొసైటీ పెట్టే పరీక్షలో ఒకే కత్తి వేలాడే తాడును ఒక్క వేటుకు తెంపాలి, కొయ్య ముక్కను నరకాలి, ఆ తర్వాత కూడా చేతి మీది వెంట్రుకలు గొరగాలి, చివరికి బిగించి తొంభై డిగ్రీలు వంచితే విరగకూడదు. ఈనాడు అలాంటి కత్తులు చేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. మోరాన్ పేరు కూడా వాళ్లందరి నోటా ఉంది. పంచినందువల్ల ఆయనకు తరిగిందేమీ లేదు.

ఇక మనవైపు వద్దాం. ఒకప్పుడు డమాస్కస్ కత్తులని లోకం మెచ్చుకున్న వాటికి కావలసిన, మూసలో కరిగించి తీసే ఉక్కు దక్షిణ భారతంలో తయారయ్యేది. అందులో పేరున్న చోటు నేటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. భూ సర్వే బృందంతో పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో దక్కన్‌కు వచ్చిన హెన్రీ వాయ్సీ అక్కడ ఉక్కు తీయడం కళ్లారా చూశారు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పారశీక వర్తకుడు అక్కడే మకాం వేసి దగ్గరుండి సరుకు చేయించుకోవడం కూడా చూశారు. ఆ వివరణ 1832లో అచ్చయింది. తర్వాత ఫ్యాక్టరీ ఉక్కు చవగ్గా వచ్చింది, కొనేవాళ్లు తగ్గారు, మూసలు చల్లారాయి. చేసినవాళ్లు తమ చేతులతో రాసిపెట్టుకున్నదేమీ మిగల్లేదు. పరదేశులు చూసి రాసుకున్న పుటలే మన విద్యకు సాక్ష్యమయ్యాయి.

ఆ విద్యను తిరిగి పట్టుకున్నవాళ్లలో ఒకరు ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టే ఆల్‌ఫ్రెడ్ పెండ్రే. పాత డమాస్కస్ కత్తుల మీది గీతలు ఎలా వచ్చాయన్న ప్రశ్న పట్టుకుని సొంత షెడ్డులో మూసలు కాల్చి చూశారు. అయోవా స్టేట్ యూనివర్సిటీలో లోహశాస్త్రం చెప్పే జాన్ వర్‌హోవెన్ ఆయనతో చేయి కలిపారు. పెండ్రే ఉక్కు తీసి కత్తి కొట్టేవారు, వర్‌హోవెన్ దాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద చూసేవారు. ఏళ్ల తరబడి అలా సాగిన పనిలో తేలిందేమిటంటే, ఒకటిన్నర శాతం దాకా కర్బనం ఉన్న ఆ ఉక్కులో వెనాడియం లాంటి లోహం లేశమాత్రం, పదివేలలో ఒక పాలు కన్నా తక్కువ ఉన్నా చాలు. పదేపదే తగు వేడిలో కాల్చి కొడుతూ పోతే ఇనప కార్బైడ్ రేణువులు వరుసలు కట్టి గీతలుగా తేలతాయి. ఆ కాలంలో ఆ లేశం ఖనిజంలోంచే రావాలి. అది లేని ఖనిజం వచ్చిన రోజున ఎంత పాత చేయి కొట్టినా గీత తేలదు, ఎందుకు తేలలేదో ఎవరికీ తెలియదు. 1998లో వీళ్లు ఈ సంగతులన్నీ అచ్చులో పెట్టారు. నాడాలు కొట్టే మనిషి, ప్రొఫెసరు ఒకరికొకరు దాచకుండా చూపించుకున్నందువల్లే మన నేల మీద ఆరిన మూస అక్కడ మళ్లీ మండింది.

మన ఊళ్లలోనూ కొలిమి మొన్నమొన్నటి దాకా బతికే ఉంది. రైతు కర్రు సాగకొట్టించుకునేవాడు, కొడవలికి కక్కులు పెట్టించుకునేవాడు, కల్లంలో గింజలు కమ్మరికి మేరగా కొలిచేవాడు. కమ్మరి ఇంటి ఆడవాళ్లు తిత్తి ఊదేవాళ్లు, సమ్మెట కూడా వేసేవాళ్లు. బండిచక్రానికి ఇనప పట్టా ఎక్కించడం ఊరంతా చూసే పని. పట్టాను చక్రం కన్నా కాస్త కురచగా చేసి, పిడకల మంటలో కాల్చి, ఉబ్బగానే చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే బిగుసుకుంటుంది. ఎంత కురచగా ఉండాలన్నదే అసలు విద్య. తక్కువైతే పట్టా ఊడుతుంది, ఎక్కువైతే ఆకులు చిట్లుతాయి. ఆ కొలత పెద్దాయన చేతిలోంచి కొడుకు చేతిలోకి పోయేది. కొడుకు పట్నం వెళ్లి వెల్డింగ్ షాపు పెట్టుకున్నాక ఆ కొలత ఎక్కడికీ పోలేదు, ఆగిపోయింది.

ఇందులో కమ్మరిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. వృత్తిని కులానికి కట్టేసింది సమాజం. బయటివాడు నేర్చుకుంటానని కొలిమి మెట్టు ఎక్కలేదు, ఎక్కితే నలుగురూ నవ్వేవాళ్లు. పొట్ట పోసే విద్యను కమ్మరి మాత్రం ఎవరికని చూపిస్తాడు? అమెరికా సరదా కమ్మరికి నెల జీతం వేరే వస్తుంది కాబట్టి ఉదారంగా పంచగలడని ఎవరైనా అంటే ఆ మాట నేను ఒప్పుకుంటాను. కానీ అదే అమెరికాలో, చార్ల్‌స్టన్ నగరంలో ఫిలిప్ సిమన్స్ జీవితమంతా కొలిమి మీదే బతికారు. బానిసగా పుట్టిన పీటర్ సిమన్స్ అనే పెద్దాయన దగ్గర పని నేర్చారు. గుర్రపు నాడాలు, బండి సామాన్లకు గిరాకీ పోగానే ఇనప గేట్లు, కంచెల వైపు మళ్లారు. ఆ నగరంలో ఆయన చేతి పనులు 500కు పైగా ఉన్నాయని చెబుతారు. 1982లో మొదలైన జాతీయ వారసత్వ పురస్కారం తొలి ఏడాదే ఆయనకు దక్కింది. ఆయన కుర్రాళ్లకు పని నేర్పారు, వాళ్లు ఇంకొందరికి నేర్పుతున్నారు. ఊరు గౌరవించి, పని ఇచ్చి, నేర్చుకుంటామని పిల్లలు ముందుకొస్తే పొట్టకోసం చేసేవాడు కూడా పంచుతాడని ఆయన జీవితం చెబుతోంది.

మనకు కొలిములు లేవనడానికి లేదు. జేఎన్‌టీయూ మొదటి సంవత్సరం వర్క్‌షాప్ సిలబస్‌లో కమ్మరిపని ఉంది. గుండ్రటి కడ్డీని నలుపలకలు చేయడం, ఎస్ ఆకారపు కొక్కెం చేయడం అందులోని అభ్యాసాలు. అమెరికా సంఘాల్లో కొత్తవాడికి ఇచ్చే మొదటి పనే మన ఇంజనీరింగ్ పిల్లలకూ ఇస్తున్నాం. తేడా ఆ తర్వాత ఉంది. అక్కడివాడు ఆ కొక్కెం పట్టుకుని మిత్రుల దగ్గరకు వెళ్తాడు, వచ్చే నెలకు ఆకు చేస్తాడు. ఇక్కడి పిల్లవాడు రికార్డు మీద సంతకం చేయించుకుని వెళ్లిపోతాడు, కొలిమి మళ్లీ ఏడాది దాకా చల్లగా పడుంటుంది. ఆ పిల్లలే పెద్దవాళ్లయి ఈ రోజు డల్లాస్‌లోనో బే ఏరియాలోనో ఉన్నారు. వాళ్లకు నా మనవి ఒకటే. మీకు దగ్గర్లో కమ్మర్ల సంఘం ఉంటే ఒకసారి వెళ్లి చూడండి. మీ తాతల నేల మీద పుట్టిన ఉక్కు గురించి అక్కడివాళ్లకు మీకన్నా ఎక్కువ తెలిసి ఉండవచ్చు. అడగండి, సుత్తి పట్టండి, నేర్చినదాన్ని ఇక్కడికి పంపండి.

ఇక్కడున్న మనం చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ప్రతి కాలేజీ, ప్రతి ఐటీఐ తన కొలిమిని నెలకో ఆదివారం ఊరివాళ్లకు తెరవాలి. ఆ చుట్టుపక్కల ఇంకా పని చేస్తున్న కమ్మరిని, ఆయనతో పాటు సమ్మెట పట్టిన ఇంటావిడను పిలిచి, గురువుల కుర్చీలో కూర్చోబెట్టి, గురువులకిచ్చే జీతమే ఇవ్వాలి. వాళ్లు పని చూపిస్తుంటే వేడి రంగును, వేసిన దెబ్బల్ని, ముంచిన క్షణాన్ని ఫోనులో తీసి, కొలతలు తెలుగులో రాసి అందరికీ అందుబాటులో ఉంచాలి. అమ్మాయిలు, అబ్బాయిలు, ఏ కులంవాళ్లయినా సరే, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని సుత్తి పట్టవచ్చని గేటు మీదే రాయాలి. చేసిన వస్తువు మీద చేసినవాళ్ల పేరు కొట్టనివ్వాలి.

బండిచక్రానికి పట్టా ఎంత కురచగా ఉండాలో తెలిసిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వాళ్లను అడిగేందుకు మనకున్న గడువు వాళ్ల ఆయుష్షే. కాలేజీ యాజమాన్యాలు వచ్చే విద్యా సంవత్సరం దాకా ఆగకుండా ఈ నెలలోనే మొదటి ఆదివారం తేదీ ప్రకటించాలి.