ముందు విషం తేలాలి

మన్యం మొక్కలో క్యాన్సర్‌కు మందు దొరికిందన్న వార్త ఎప్పుడూ ఏదో ఒక మూల కనిపిస్తూనే ఉంటుంది. తీరా చదివితే, ఏదో ఆకు సారం గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాలను చంపిందని ఉంటుంది. ఆ పని బ్లీచింగ్ పౌడరూ చేస్తుంది. మిగతా ఒంటిని ఆ సారం ఏం చేస్తుందో చెప్పిన వార్త మాత్రం అరుదు. సాలూరు, పాచిపెంట కొండల్లో జనం ఇవాళ మింగుతున్న వేర్లకు, పసర్లకు ముందు విషపరీక్ష జరగాలి. దాని ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఫలితం జర్నల్ కంటే ముందు ఆ ఊళ్లకు చేరాలి. క్యాన్సర్ మాట ఆ తర్వాతే.

కొండ వైద్యానికి విషం తెలియదని ఎవరూ అనరు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) గిరిజనుల దగ్గర కొనే అటవీ ఉత్పత్తుల్లో ముష్టి గింజ ఒకటి. గుండ్రంగా, బల్లపరుపుగా, బూడిదరంగు నూగుతో మెరుస్తుంటుంది. అందులో ఉండేది స్ట్రిక్నిన్. మోతాదు మించితే ఒళ్లు విల్లులా వంగిపోయి ఊపిరి ఆగుతుంది. అందుకే ఆయుర్వేదంలో గోమూత్రంలో నానబెట్టి, పాలలో ఉడికించి, పొట్టు తీసి గానీ దాన్ని మందులో కలపరు. ఈ శుద్ధితో స్ట్రిక్నిన్ తగ్గుతుందని ప్రయోగశాలలూ తర్వాత తేల్చాయి. అడవినాభి దుంప, గురివింద గింజ, నల్లజీడి ఎంత ప్రమాదమో కొండ మీద వేరే చెప్పనక్కర్లేదు. దెబ్బ అప్పటికప్పుడే కళ్ల ముందు కనిపిస్తుంది కాబట్టి ఆ సంగతి తరాలుగా నిలిచింది.

ఇరవై ఏళ్లకు చంపే విషం సంగతి వేరు. దాన్ని ఎంత అనుభవమున్న ఎజ్జోడైనా, అంటే కొండ వైద్యుడైనా, పట్టుకోలేడు.

ఈశ్వరి తీగనే చూడండి. తూర్పు కనుమల్లో పాముకాటుకు, కడుపునొప్పికి దాని వేరు నూరి ఇవ్వడం పాత అలవాటు. ఆ కుటుంబపు మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. 1990 దశకం మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి చైనా మూలికల మందు వాడిన ఆడవాళ్లకు వరసగా కిడ్నీలు పాడయ్యాయి. ఒక మూలికకు బదులు ఈ జాతి మొక్క కలిసిందని విచారణలో తేలింది. కిడ్నీలు పూర్తిగా చెడి, ముందుజాగ్రత్తగా వాటిని, మూత్రనాళాలను తీయించుకున్న 39 మందిలో 18 మందికి అక్కడ క్యాన్సర్ కనిపించిందని 2000లో వైద్యులు ప్రకటించారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ మొక్కలను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో, మొదటి వర్గంలోనే చేర్చింది. మన దగ్గర ఈశ్వరి వేరు తాగి పాముకాటు నుంచి బతికానని చెప్పే మనిషికి, ఎన్నో ఏళ్ల తర్వాత కిడ్నీ చెడితే ఆ రెంటినీ ఎవరు కలిపి చూస్తారు?

అలాగని విషం తేలిన మొక్కను పారేయమని కాదు. చాలాసార్లు క్యాన్సర్ మందుకు దారి చూపింది విషమే. పెరటి బిళ్ల గన్నేరును జమైకాలో మధుమేహానికి కషాయంగా తాగేవారు. కెనడాలో నోబుల్, బీర్ దాన్ని ఎలుకల మీద చూస్తే చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. జనం నమ్మకం తేలిపోయింది గానీ ఆ దెబ్బ నుంచే విన్‌బ్లాస్టిన్, ఆ వెనుకే విన్‌క్రిస్టిన్ పుట్టాయి. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇవాళ్టికీ విన్‌క్రిస్టిన్ వాడుతున్నారు. మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920లలో అమెరికా వెళ్లారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌నే సిడ్నీ ఫార్బర్ పిల్లల మీద వాడి 1948లో ఫలితం ప్రకటించారు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వారానికోసారి ఇస్తారు. పొరపాటున రోజూ మింగితే ప్రాణం తీస్తుంది. మోతాదు తెలియని మందుకు క్యాన్సర్ పేరు తగిలించి అమ్మడం రోగి కుటుంబాన్ని దోచుకోవడమే. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించడాన్నే 1954 చట్టం నేరమంటోంది. ఆ చట్టం సంతల్లో ఎక్కడ అమలవుతోంది?

పరీక్షలు జరగడం లేదా అంటే, జరుగుతున్నాయి. కొండల్లో వేరును నీళ్లలో మరిగించి, మిరియాలు కలిపి ఇస్తే, ల్యాబులో మిథనాల్‌లో నానబెడతారు. రెంటిలో దిగే పదార్థాలు ఒకటి కావు. ఎలుకకు ఒక్క మోతాదు ఇచ్చి 14 రోజులు చూసి, బతికి ఉంటే ‘సురక్షితం’ అని రాసేస్తారు. జన్యువులను నెమ్మదిగా చెరిచే మందు ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. కాబట్టి ఊళ్లో కాచే పద్ధతిలోనే కాచి, నెలల తరబడి ఇచ్చి, కిడ్నీ, కాలేయం, జన్యువుల మీద ప్రభావం చూడాలి. మొక్క నమూనాను హెర్బేరియంలో భద్రపరచాలి.

ఇదంతా మనకు అందని పని కాదు. 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం పక్కన కొండకరకంలో తరగతులు నడిపింది, శాశ్వత ప్రాంగణానికి సాలూరుకు చేరువలోని మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో 2023లో శంకుస్థాపన జరిగింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ విభాగం, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. గిరిజన సంక్షేమ శాఖైతే ఏకంగా సాలూరు ఎమ్మెల్యేల చేతికే వచ్చింది: 2022లో పీడిక రాజన్నదొర, 2024లో గుమ్మడి సంధ్యారాణి. ఇంతమంది ఉండి కొండ మందులకు ఒక ఉమ్మడి విషపరీక్ష కేంద్రం లేకపోవడం సిగ్గుచేటు. జనం ఎగబడితే ప్రభుత్వం ఎంత వేగంగా కదులుతుందో 2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య కరోనా మందు విషయంలో చూశాం. పది రోజుల్లో నివేదిక తెప్పించి, కంటి చుక్కలను ఆపి మిగతా వాటిలో కొన్నింటికి అనుమతిచ్చారు. డోలీలో మోసుకొచ్చే రోగికి అంత గుంపు తోడు రాదు.

పరీక్షల పేరుతో గిరిజనుల విద్య కంపెనీల పాలవుతుందన్న భయం న్యాయమైనదే. 2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించి, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని లాభాల పంపిణీ నుంచి మినహాయించారు. నోటి మాటగా ఉన్న కొండ విద్యను ఏ పాత గ్రంథంలోనో చూపించి వాటా ఎగ్గొట్టడం ఇక తేలిక. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి తయారైన ‘జీవని’కి 1995లో లైసెన్సు ఇచ్చినప్పుడు, రుసుములో, రాయల్టీలో సగం కాణి వారికే అని ఒప్పుకున్నారు. ఇక్కడ అలాంటి ఒప్పందం గ్రామసభ తీర్మానంతో, మొక్క కోయకముందే జరగాలి.

ఈశ్వరి వేరుకు మాత్రం కొత్త పరీక్ష అక్కర్లేదు, రుజువు ఎప్పుడో తేలింది. దాన్ని లోపలికి ఇవ్వొద్దని ఆశా కార్యకర్తలు గదబ, కువి భాషల్లో కూడా చెప్పాలి. ఆ మాట చెప్పే ముందు ప్రతి పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో పాముకాటు ఇంజెక్షన్ సీసాలు ఉండాలి, వానలు మొదలవక ముందే.