మూన తిరిగిందా?

బందరు కోనేరు సెంటర్‌లో సోమవారం పొద్దున్నే టీ కొట్టు దగ్గర నిలబడితే, ఊళ్లో మళ్లీ ఏదో ఎన్నిక వచ్చిపడిందా అనిపిస్తుంది. నలుగురు కుర్రాళ్లు, అందులో ఇద్దరి ఒంటిమీద ఎర్ర జెర్సీ. ముందురోజు రాత్రి ఫోన్లో మ్యాచ్ చూసి కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చారు. వాళ్లు అభిమానించే మాంచెస్టర్ యునైటెడ్ మళ్లీ ఓడింది. కోచ్‌ను ఉంచాలా పంపాలా అన్నది తేలడం లేదు. ‘ఇంకో సీజన్ చూడాలి మావా’ అంటాడు ఒకడు. ‘చూసింది చాలదా? నువ్వు చూస్తూ కూర్చో’ అంటాడు రెండోవాడు. మూడోవాడు బ్రహ్మాస్త్రం తీస్తాడు: ‘ఫెర్గూసన్‌కి ఎన్నాళ్లు పట్టిందిరా?’

పక్కనే ప్లాస్టిక్ కవర్లో కాయితాలు పట్టుకుని ఓ పెద్దాయన. దివిసీమ నుంచి వచ్చారు. మురుగు కాలువలో పూడిక తీయించమని కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలి. వాళ్ల గొడవ కాసేపు విని, ‘మేనేజరంటే బ్యాంకులో ఉండేవాడేనా బాబూ?’ అని అడిగారు. కాదు తాతా, ఆ దేశంలో కోచ్‌ను అలా పిలుస్తారు అని చెప్పారు. ‘ఓహో. ఊడ్చి ఎన్నాళ్లయింది మరి?’ అన్నారాయన. కుర్రాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. ‘మూన తిరిగిందా?’ అని మళ్లీ అడిగారు. జవాబు చెప్పగలిగినవాళ్లు ఆ నలుగురిలో లేరు.

అభిమానుల పేచీ ఈ గడ్డకు కొత్త కాదు. నిమ్మకూరు ఎన్టీఆర్, రామాపురం ఏఎన్నార్ ఇద్దరూ గుడివాడ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్ల సినిమాలు విడుదలైన రోజుల్లో హాలు ముందు కొట్టుకున్నవాళ్లు ఇవాళ తాతలై మనవళ్లకు ఆ కథలు చెబుతున్నారు. అప్పట్లోనూ సినిమా పోతే అభిమాని హీరోని ఏమీ అనేవాడు కాదు. తప్పంతా దర్శకుడిదే. ఫుట్‌బాల్‌లో జరిగేదీ దాదాపు అదే. పదకొండుమందిని ఒక్కసారిగా మార్చడం ఎవరి తరమూ కాదు, ఒక్కణ్ని మార్చడం తేలిక. అందుకే జట్టు ఓడినప్పుడు అందరి చూపూ గీత అవతల కోటు వేసుకుని నిలబడ్డ మనిషి మీదికే పోతుంది.

ఫెర్గూసన్ కథ నిజమే. 1986 నవంబరులో ఆయన మాంచెస్టర్ యునైటెడ్ బాధ్యత తీసుకున్నారు. మూడేళ్లు గడిచినా ఒక్క కప్పు లేదు. 1989 సెప్టెంబరులో సొంత ఊరి ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ చేతిలో 5-1తో చిత్తయ్యారు. ఆ చలికాలంలో, మూడేళ్లుగా సాకులే వింటున్నాం ఇక దయచేయమని ఓ అభిమాని స్టేడియంలో గుడ్డ మీద రాసి చూపించాడు. 1990 జనవరి 7న నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద ఎఫ్ఏ కప్పు మ్యాచ్ ఓడితే ఆయన పని అయిపోయినట్టేనని అందరూ అనుకున్నారు. మార్క్ రాబిన్స్ అనే కుర్రాడు ఒక్క గోల్ కొట్టాడు. ఆ ఏడాది కప్పు వచ్చింది. 2013లో ఆయన దిగిపోయేనాటికి ఆ క్లబ్బులో గెలిచినవి 38 ట్రోఫీలు.

కాబట్టి ఓపిక పడితే అంతా మంచే జరుగుతుందా? ఇక్కడే కుర్రాళ్ల లెక్క తప్పుతుంది. గడువు మీద గడువు పొందీ ఏమీ సాధించని కోచ్‌లు ఎందరో ఉన్నారు. వాళ్ల పేరు ఏ టీ కొట్టు దగ్గరా వినపడదు. ఒక ఫెర్గూసన్ గుర్తుంటాడు, మిగతావాళ్లు గుర్తుండరు. ఇక ఆ క్లబ్బే తర్వాత ఏం చేసింది? ఫెర్గూసన్ స్వయంగా ఎంచిన డేవిడ్ మోయెస్‌కు ఆరేళ్ల ఒప్పందం రాసిచ్చి, పది నెలలైనా నిండకుండా 2014 ఏప్రిల్‌లో పంపేసింది. వాన్ గాల్ 2016లో ఎఫ్ఏ కప్పు గెలిపిస్తే రెండో రోజే సాగనంపింది. లండన్ జట్టు టాటెన్‌హామ్ అయితే 2025 మేలో యూరోపా లీగ్ కప్పు తెచ్చిన పోస్టెకోగ్లూను జూన్ 6న తీసేసింది. 17 ఏళ్ల తర్వాత ఆ క్లబ్బుకు దక్కిన మొదటి కప్పది. అదే సీజన్ లీగ్‌లో 17వ స్థానంలో నిలవడం ఆయన నేరం. ఓడినా ఉంచుతారు, గెలిచినా పంపుతారు. ఏ కొలబద్దతో కొలుస్తున్నారో కొలిచేవాళ్లకే తెలియాలి.

పెద్దాయన ప్రశ్న దగ్గరికి వద్దాం. ఆకుమడిలో పచ్చగా కళకళలాడే నారు పొలంలో ఊడ్చిన మర్నాటి నుంచి వాడిపోతుంది. కొసలు ఎండుతాయి, చేనంతా పసుపు తిరుగుతుంది. తెలియనివాడు చూస్తే పోయిందనే అనుకుంటాడు. వారం పది రోజులకు కొత్త వేరు వేసి, మధ్యలోంచి లేత ఆకు తొంగిచూస్తుంది. దాన్నే మూన తిరగడం అంటారు. ఆ తర్వాతే పైపాటు ఎరువు, పిలకల లెక్క. ఊడ్చిన నాలుగో రోజున చేను పచ్చగా లేదని గట్టుమీద కూర్చుని ఏడ్చే రైతును డెల్టాలో ఎవరూ చూసి ఉండరు.

అలాగని మన రైతు కాలం మీద భారం వేసి ఇంట్లో పడుకునేవాడూ కాదు. పొద్దున్నే గట్టు మీద తిరుగుతాడు. అనుమానం వస్తే ఒక కుదురు పీకి వేరు చూస్తాడు. తెల్లవేరు వేస్తే సరే. నల్లబడి కుళ్లు వాసన వస్తే ఆ మడికి ఇంకో వారం ఇచ్చి లాభం లేదు. దివిసీమ శివారు భూముల్లో ఇది ఇంకా బాగా తెలుసు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు వాన ముంచెత్తితే మురుగు దిగదు, ఊడ్చిన చేను రోజుల తరబడి నీళ్లలోనే ఉంటుంది. నీళ్లు తీశాక చేలోకి దిగి చూసి, బతకదనుకుంటే, ఆకు ఎవరి మడిలో మిగిలిందోనని ఊళ్లమీద పడతారు. సార్వా అదను దాటిపోతే మళ్లీ ఊడ్చినా దండగే. అంటే రైతు దగ్గర రెండు లెక్కలున్నాయి. ఎన్నాళ్లు ఆగాలన్నది ఒకటి, ఆగినన్నాళ్లూ ఏం చూడాలన్నది ఇంకోటి. కుర్రాళ్ల వాదనలో మొదటిదే ఉంది.

ఆ రెండో లెక్క మన దగ్గరే ఒకాయన విషయంలో తేలింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్‌వాడు, ఉస్మానియాలో చదివాడు, వృత్తికి బడి పంతులు. అందరూ రహీమ్ సాబ్ అనేవారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత జట్టు స్వర్ణం తెచ్చింది. మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్. యుగోస్లావియా మీద మ్యాచ్. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో దిగారు. చలిదేశం, తడి గడ్డి. 10-1తో ఓడిపోయారు. మనకు దక్కిన ఆ ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టింది.

పది గోల్స్. ఇవాళ ఏ జట్టయినా అలా ఓడితే కోచ్ విమానం దిగేలోపే ఇంకొకరి పేరు ప్రకటిస్తారు. స్కోరు తప్ప ఇంకేమీ చూడనివాడికి హెల్సింకీలో కనపడేది కుళ్లిన మడే. కానీ వేరు చూసినవాడికి కారణాలు కనపడతాయి. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఇక రహీమ్ పంతులు కనక పిల్లలకు పాఠం చెప్పినట్టే ఆట చెప్పాడు. బంతిని కాలి దగ్గర అట్టే పెట్టుకుని డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో కుర్రాళ్లకు పోటీలు పెట్టేవాడు. అందిన బంతిని వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ఎడమ కాలు బలహీనంగా ఉన్నవాడు ఆ కాలితోనే ఆడాల్సిన పోటీలూ పెట్టాడు. కుడిచేతి వాటం పిల్లాడి చేత ఎడంచేత్తో చూచిరాత రాయించడం లాంటిదే ఇదీ. చూసేవాళ్లకు నవ్వు, చేసేవాళ్లకు నరకం. అలాంటి పనుల ఫలం వచ్చే శనివారం మ్యాచ్‌లో కనపడదు.

నాలుగేళ్లు గడిచాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. బందరువాళ్లకీ రహీమ్‌కీ ఒకే రాష్ట్రమైంది. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీమ్ వెంట వెళ్లిన భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. హంగరీ రాకపోవడంతో తొలి రౌండు ఆడకుండానే దాటాం, అదృష్టమూ కొంత ఉందన్న మాట నిజమే. కానీ సెమీఫైనల్లో ఎదురైంది మళ్లీ ఆ యుగోస్లావియానే. ముందు గోల్ కొట్టింది మనవాళ్లు! చివరికి 4-1తో ఓడిపోయారు. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. పతకాల పట్టికలో ఇదంతా ఖాళీ గడే. 10-1, 4-1 అన్న రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవాడికి మాత్రం మూన తిరిగిందని తెలుస్తుంది.

ఇదే హైదరాబాద్ ఈ మధ్య ఇంకో పాఠమూ చెప్పింది, దాన్ని దాచకూడదు. స్పెయిన్‌వాడు మనోలో మార్క్వెజ్ హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టుకు 2020లో వచ్చాడు. అంతకుముందు సీజన్లో ఆ జట్టు లీగ్‌లో అట్టడుగున ఉంది. రోజూ మైదానంలో కుర్రాళ్లతో గడిపి 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు గెలిపించాడు. ఆ మనిషినే 2024 జులైలో దేశపు జట్టుకు కోచ్‌ను చేశారు. అప్పటికే చేస్తున్న గోవా క్లబ్బు కోచ్ పని వదలకుండా, రెండు పడవల మీద కాళ్లతో. గచ్చిబౌలిలో, తనను నెత్తిన పెట్టుకున్న ఊళ్లోనే, సిరియా చేతిలో 3-0తో ఓడాడు. ఎనిమిది మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి, మాల్దీవుల మీద. ఏడాది తిరిగేసరికి వెళ్లిపోయాడు. మనిషి అతనే, తెలివీ అదే. దేశపు జట్టు కోచ్‌కు ఆటగాళ్లు చేతికందేది మ్యాచ్‌ల ముందు కొద్దిరోజులే. క్యాలెండర్లో ఏడాది ఇచ్చామని చెప్పుకోవచ్చు. ఆ ఏడాదిలో మైదానంలో గడిపిన రోజులెన్నో లెక్కపెడితే చెప్పుకోవడానికి నోరు రాదు.

అందుకే గడువు ఇద్దామా వద్దా అనే ముందు, ఇస్తున్నది నిజంగా గడువేనా అని చూడాలి. చేతిలో నీళ్లు లేకుండా, ఎరువు లేకుండా, పంట కాలం మాత్రం నీదేనని కౌలుకు ఇచ్చినట్టు ఉంటుంది కొన్ని క్లబ్బుల వ్యవహారం. అలాంటి కౌలుదారుణ్ని తిట్టడానికి మనకు నోరెలా వస్తుంది? మరోవైపు, ఏడాదిన్నర ఉండి, అడిగిన ఆటగాళ్లను కొనిపించుకుని, ఇప్పటికీ జట్టులో ఎవరి చోటు ఏదో తేల్చుకోలేనివాడు ఫెర్గూసన్ పేరు చెప్పుకుని నెట్టుకొస్తుంటే, రెండో కుర్రాడు అన్నమాటే సబబు. చూస్తూ కూర్చోవడం అభిమానం కాదు.

ఆ సోమవారం వాదన ఎటూ తేలకుండానే ఆగింది. ఇద్దరు కుర్రాళ్లకు కాలేజీ టైమైంది. మూడోవాడు టీ డబ్బులు నాలుగోవాడి మీదకు నెట్టి బండెక్కాడు. పెద్దాయన కవరు చంకన పెట్టుకుని, ‘వచ్చేవారం ఎవరితో బాబూ ఆట?’ అని అడిగి మరీ కదిలారు. ఆయన అర్జీ మీద ఏం రాశారో మనకు తెలియదు. పూడిక మాత్రం వానల్లోగా తీయాలి. అధికారులు దాన్నొకసారి కళ్లతో చూసి రావాలని మనవి.

రహీమ్‌కు క్లబ్బులూ సంఘాలూ ఇచ్చిన గడువు సంగతి ఎలా ఉన్నా, ఒంట్లో గడువు మిగల్లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే 1962లో జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసుకెళ్లాడు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. అంతకుముందు గాయపడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపాడు. అతనొక గోల్, పీకే బెనర్జీ ఒక గోల్. 2-1తో స్వర్ణం. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశాడు. 1970లో బ్యాంకాక్‌లో హైదరాబాద్‌వాడే అయిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో మన జట్టుకు కాంస్యం వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు పతకం లేదు.