కోతకు ముందే మందు: నంద్యాలలోనే అందాలి

సంగటి ముద్ద గొంతు దిగకపోతే గ్యాసు అని సరిపెట్టుకోవడం అహోబిలం, ఆళ్లగడ్డ పరిసర పల్లెలలో మామూలే. మాత్రలతో నెలలు గడుస్తాయి. ముద్ద మాని గంజి, గంజి మాని నీళ్ళకు వచ్చేసరికి మనిషి సగమవుతాడు. అన్నవాహిక కడుపులో కలిసే చోట పుట్టే క్యాన్సరు ఇలాగే ముదురుతున్నది. రెండు మూడు వారాలైనా ముద్ద అడ్డుపడుతుంటే ఎండోస్కోపీ చేయించుకోవాలి. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే గాని జబ్బు తేలదు.

జబ్బు తేలగానే ఇంటివారు అడిగే మొదటి మాట, ఆపరేషను ఎప్పుడని. ముందు మందు ఎక్కించాలని డాక్టరు అంటే కాలయాపన అని అనుమానిస్తారు. ఈ అనుమానం తగదు. ఆ చోట ఎక్కువగా వచ్చే గ్రంథి కణాల రకంలో, దూరపు అవయవాలకు పాకకున్నా గోడలోకి లోతుగా దిగిన గడ్డకు ముందు మందు, తర్వాత ఆపరేషను, మళ్ళీ మందు అన్నదే నేటి మేలైన పద్ధతి. 2019లో వెలువడిన జర్మనీ పరిశోధనలో, 'ఫ్లాట్' అనే నాలుగు మందుల చికిత్స పొందినవారిలో సగం మంది 50 నెలలు దాటి బ్రతికారు. పాత మందులతో అది 35 నెలలే. 2025లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, ఆపరేషనుకు ముందు రేడియేషను కలిపిన పద్ధతికి 37 నెలలు రాగా, 'ఫ్లాట్'కు 66 నెలలు వచ్చాయి.

చిక్కంతా ప్రయాణంలో ఉన్నది. రెండు వారాలకొక మోతాదు చొప్పున ముందు నాలుగు, తర్వాత నాలుగు. అందులో ఒక మందు 24 గంటలు సన్నని ధారగా ఎక్కాలి. అహోబిలం నుంచి తిరుపతి 200 కిలోమీటర్ల పైమాటే. ఎన్.టి.ఆర్. వైద్య సేవ పథకం ఆసుపత్రి ఖర్చు భరించినా, తోడు వెళ్ళినవారు పోగొట్టుకున్న కూలి ఎవరిస్తారు? మూడో మోతాదుకే మానుకున్న రోగికి పై లెక్కల మేలు దక్కదు.

ఆపరేషను మాత్రం ఇటువంటివి తరచూ చేసే పెద్ద కేంద్రంలోనే జరగాలి. అందులో వాదం లేదు. మందు ఎక్కించడానికి నంద్యాల చాలు. అక్కడ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. మూడేళ్ళలో జిల్లా ఆసుపత్రులన్నింటిలో క్యాన్సరు డే కేర్ కేంద్రాలు, 2025-26లోనే 200 ఏర్పాటు చేస్తామని కేంద్ర బడ్జెటు ప్రకటించింది. నంద్యాల కేంద్రం నాలుగు మంచాలు, ఒక బోర్డుతో సరిపెట్టరాదు. శిక్షణ పొందిన నర్సులు, రోగి వెంట ఇంటికి పంపదగిన చిన్న పంపులు, రక్త పరీక్షలు ఉండాలి. మందు ఎక్కిన వారం పదిరోజులకు తెల్లకణాలు తగ్గి జ్వరం వస్తే రాత్రికి రాత్రే చూసే ఏర్పాటు ఆళ్లగడ్డలో ఉండాలి.

మోతాదు తప్పకుండా చూడటం కూడా చికిత్సే. జిల్లా అధికారులు, ప్రజాప్రతినిధులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించవలసి ఉన్నది.