ఇంజనీరు గారూ, మీ ఇంజను స్టార్టవుతోందా?

ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి, ఈ మాట అనకుండా ఉండలేను. మనం ఇంజనీర్లమని చెప్పుకుంటాం. పెళ్ళి సంబంధాల్లో చెప్పుకున్నాం, వీసా కాగితాల్లో రాసుకున్నాం. తీరా గరాజులో ఉన్న గడ్డి కోసే బండి స్టార్టవకపోతే ఫోను తీసి డీలరుకి కొడతాం. నేనూ కొట్టాను. అందుకే ఇప్పుడు ఈ ఏడుపు.

మా ఇల్లు ఒహాయోలో. ఇంటి చుట్టూ ఎకరం స్థలం. కొన్నప్పుడు "ఎకరం!" అని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. ఆ ఎకరంలో పండేది గడ్డి మాత్రమేనని, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ప్రతి వారం దాన్ని కొయ్యాలని అప్పుడు తట్టలేదు. తోసుకుంటూ కోసే మోవరుతో రెండు శనివారాలు పోరాడి, నడుం పట్టుకుని, కూర్చుని నడిపే రైడింగ్ మోవరు కొన్నాను. నాలుగేళ్ళు బాగానే నడిచింది. నేను దానికి చేసిన సేవల్లా పెట్రోలు పోయడమే.

కిందటేడు ఏప్రిల్లో తాళం తిప్పితే "టకటకటక" అంది. అంతే. బ్యాటరీ అనుకుని కొత్తది వేశాను. ఒక వారం నడిచి మళ్ళీ మొరాయించింది. డీలరుకి ఫోను చేస్తే వచ్చి తీసుకెళ్ళడానికే 95 డాలర్లు, మూడు వారాలు పడుతుంది అన్నాడు. సరేనన్నాను. ఈలోపు గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి, "మీ పెరడు సంగతి చూడండి" అని సిటీ వాళ్ళ ఉత్తరం వచ్చింది. బండి తిరిగొచ్చింది, దాంతోపాటు కార్బొరేటర్ శుభ్రం చేసినందుకు 312 డాలర్ల బిల్లూ వచ్చింది.

నెల తిరక్కుండా మళ్ళీ టకటకటక.

అప్పటికి అమ్మానాన్నా మా దగ్గరే ఉన్నారు. నేను మళ్ళీ ఫోను తీస్తుంటే నాన్న లుంగీ ఎగ్గట్టుకుని గరాజులోకి వచ్చారు. "ఏదీ, ఇంకోసారి తిప్పరా" అన్నారు. తిప్పాను. "ఈ బ్యాటరీ తీగ బాడీకి ఎక్కడ బిగించారో చూడు" అన్నారు. సీటు ఎత్తి, వంగి చూస్తే, నల్ల తీగ చివర ఫ్రేముకి బిగించిన బోల్టు తుప్పు పట్టి వదులుగా ఉంది. ఇప్పించి, ఇనప బ్రష్షుతో గీకి, మళ్ళీ బిగించాం. తాళం తిప్పితే ఒక్క దెబ్బకి అందుకుంది. పావుగంట పని. ఖర్చు సున్నా.

నాన్నకి ఈ బండి గురించి ఏం తెలుసంటారా? ఏమీ తెలీదు. మోవరు చూడ్డమే మొదటిసారి. కానీ ప్రకాశం జిల్లాలో మూడెకరాలకి ఐదు హార్స్ పవర్ ఆయిలింజనుతో నీళ్ళు పెట్టిన మనిషి. డీజిలు పైపులో గాలి పడితే నట్టు వదులు చేసి బుడగలు పోయేదాకా పంపు కొట్టడం, హ్యాండిలు వేసి తిప్పి సరిగ్గా అదనులో వదలడం, లూనా ప్లగ్గు ఊడదీసి గరుకు కాగితంతో రుద్ది పెట్టడం, ఇవన్నీ చూస్తూ పెరిగాను. చూస్తూ మాత్రమే. దగ్గరికెళ్తే "మసి అంటుతుంది, నీకెందుకురా, పో, చదువుకో" అనేవారు. చదువుకున్నాను. ఎందులోనంటే, నవ్వకండి, మెకానికల్ ఇంజనీరింగులో.

ఆ రోజు చేతులు తుడుచుకుంటూ నాన్న ఒక మాటన్నారు. "దీనికి మూడొందల డాలర్లు ఇచ్చావా? నీ తప్పు కాదులేరా, నేనే నిన్ను దగ్గరికి రానివ్వలేదు."

తిట్టి ఉంటే బాగుండేది.

ఏమాటకామాటే, డీలరుని దొంగ అనను. చలికాలమంతా టాంకులో పాత పెట్రోలు ఉంచినవాణ్ణి నేను. ఆ కార్బొరేటర్ పని నిజంగానే అవసరమై ఉండొచ్చు. నా గొడవ అతనితో కాదు, నాతోనూ, నాలాంటివాళ్ళతోనూ. ఈ సంగతి స్నేహితుల దగ్గర ఎత్తితే నాకు వచ్చిన జవాబులు ఇవీ.

ఒకటి: "నా గంట రేటు వంద డాలర్లు, నేను బోల్టు బిగించడమేంటి?" అయ్యా, శనివారం మధ్యాహ్నం మీకు ఆ వంద ఎవడూ ఇవ్వడం లేదు. ఆ టైములో మీరు చేసేది సోఫాలో పడుకుని సినిమా చూడటం. పైగా బండిని ట్రైలరు ఎక్కించడం, ఫోనులో వేచి ఉండటం, మూడు వారాలు గడ్డి కోసం మనిషిని వెతకడం, వీటికి గంట రేటు కట్టి చూడండి.

రెండు: "మనం చెయ్యి పెడితే వారంటీ పోతుంది." పోదు. 1975లో వచ్చిన మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ప్రకారం, తమ బ్రాండు సామానే వాడాలనో, తమ దగ్గరే సర్వీసు చేయించాలనో కంపెనీ షరతు పెట్టకూడదు, ఉచితంగా ఇస్తే తప్ప. మీ పొరపాటువల్ల పాడైతే వాళ్ళు కట్టరు, అది న్యాయమే. ఆయిలు మార్చిన తేదీ రాసుకోండి, రశీదు దాచుకోండి, చాలు. యంత్రాన్ని సొంతవాడే బాగు చేసుకునే హక్కు కోసం ఇక్కడి రైతులు ఏళ్ళ తరబడి కొట్లాడితే, కొలరాడోలో 2023లో వ్యవసాయ యంత్రాలకి చట్టం చేశారు, 2024 నుంచి అమల్లోకి వచ్చింది. మన బండికి ఆ హక్కు ఎప్పుడూ ఉంది. మనం వాడుకోం.

మూడు: "ప్రమాదం కదా?" ఇది మాత్రం గౌరవించాల్సిన మాట. ఇక్కడి ప్రమాణాల ప్రకారం బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు. గంటకి సుమారు 347 కిలోమీటర్లన్నమాట, అదీ అనుమతించిన గరిష్ఠం. కాబట్టి డెక్కు కింద చెయ్యి పెట్టేముందు తాళం చేతిలోకి తీసుకోవాలి, ప్లగ్గు తీగ ఊడదీసి దూరంగా పెట్టాలి. గరాజు తలుపు మూసి ఇంజను నడపకూడదు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని సరదాగా తిప్పడం అస్సలు కూడదు. కానీ ప్రమాదం ఉందంటే బండి సంగతి తెలుసుకోవాలని అర్థం. ఏమీ తెలియకుండా దానిమీద ఎక్కి కూర్చోవడం కన్నా ప్రమాదం ఇంకేముంది?

నాలుగోది ఎవరూ పైకి అనరు. "మసి అంటే పని మనది కాదు." అసలు జబ్బు ఇదే. మనూళ్ళో మెకానిక్కుని "ఒరేయ్" అని పిలిచాం, ఇక్కడ వాడికి మనకన్నా పెద్ద ఇల్లుంటే ఆశ్చర్యపోతాం. చేత్తో చేసే పనిని చిన్నపనిగా చూడటం అక్కణ్ణుంచి పెట్టెలో సర్దుకుని తెచ్చుకున్నాం, ఆవకాయతో పాటు. మా వాడికి పన్నెండేళ్ళు. వాడూ మొన్నటిదాకా "డాడీ, కాల్ ద గై" అనేవాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వేరే చెప్పాలా?

సరే, తిట్టడం అయింది. ఇప్పుడు పని. బండి స్టార్టవకపోతే ఫోను పక్కన పెట్టి, ఈ వరసలో చూడండి.

అసలు చప్పుడే లేదా? ముందు మీ కాళ్ళూ చేతులూ చూసుకోండి. సీట్లో కూర్చున్నారా, బ్రేకు పూర్తిగా తొక్కారా, బ్లేడు మీట ఆపి ఉందా? ఈ మూడింటికీ స్విచ్చులుంటాయి, ఏ ఒక్కటి ఒప్పుకోకపోయినా బండి కదలదు. సీటు కింద స్విచ్చి తీగ ఊడిందేమో, ఎలకలు కొరికాయేమో చూడండి. తర్వాత ఫ్యూజు. ఆ స్విచ్చిని తీగ చుట్టి మోసం చేసే చిట్కాలు చాలామంది చెబుతారు, చెయ్యకండి. మీరు కింద పడితే ఇంజనుని ఆపేది అదే.

టకటకటక అంటోందా? కరెంటు చాలట్లేదు. మీటరుతో బ్యాటరీ చూడండి. నిండా ఉంటే 12.6 వోల్టులు చూపాలి, 12.2కి దిగితే సగం ఖాళీ. టెర్మినళ్ళ మీద తెల్లగా పూత పట్టి ఉంటే నల్ల తీగ ముందు తీసి, ఎర్రది తర్వాత తీసి, వంటసోడా నీళ్ళతో పాత టూత్ బ్రష్షు పెట్టి తోమండి. తగిలించేటప్పుడు ఎర్రది ముందు. ఫ్రేముకి బిగించిన బోల్టు మర్చిపోకండి. దానికి నేను ఎంత కట్టానో చెప్పాను కదా.

గట్టిగా ఒక్కసారే "టక్" అని ఆగిపోతోందా? బ్యాటరీ, తీగలు బాగుంటే సోలినాయిడో, స్టార్టరు మోటారో చూడాలి.

ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవట్లేదా? నాన్న భాషలో నూనె, నిప్పు, గాలి. పెట్రోలు కుళాయి తెరిచారా? పెట్రోలు వార్నిష్ వాసన వేస్తే పాతదైపోయినట్టే, తీసేసి కొత్తది పోయండి. నెల రోజులకి మించి నిలవ ఉంచేట్టయితే స్టెబిలైజరు కలపాలి. ఇక్కడి పెట్రోల్లో ఇథనాల్ పది శాతం దాకా ఫరవాలేదు, పంపు దగ్గర 15 శాతం అని రాసినది మోవరులో పొయ్యకూడదు. ప్లగ్గు ఊడదీసి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది కానీ మండట్లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు. నల్లగా మసి పట్టి ఉంటే గాలి ఫిల్టరు చూడండి. కొత్త ప్లగ్గు ఖరీదు ఒక బిర్యానీ అంత కూడా ఉండదు.

పావుగంట నడిచి ఆగిపోతోందా? టాంకు మూత వదులు చేసి చూడండి. మూతకున్న చిన్న రంధ్రం మూసుకుపోతే పెట్రోలు దిగదు.

ఇక మామూలు సేవ. చాలా బండ్లకి 50 గంటలకో, ఏడాదికోసారో, ఏది ముందైతే అప్పుడు ఆయిలు మార్చాలి. 25 గంటలకోసారి గాలి ఫిల్టరు, బ్లేడు పదును చూసుకోవాలి. మొద్దు బ్లేడు గడ్డిని కొయ్యదు, పీకుతుంది, రెండు రోజుల్లో కొసలు తెల్లబడతాయి. మీ బండికి ఏ ఆయిలు, ఎంత పొయ్యాలన్నది దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఎంసెట్ కోసం వెయ్యి పేజీలు బట్టీ కొట్టినవాళ్ళం, నలభై పేజీలు చదవలేమా?

చివరగా ఒక మాట. దసరాకి గరాజులో కార్లకి బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఫొటోలు తీసుకుంటాం. మా నాన్న ఆయుధపూజ అలా ఉండేది కాదు. ముందురోజంతా ఇంజనుని కిరసనాయిలుతో కడిగి, పాత ఆయిలు తీసి కొత్తది పోసి, గుడ్డతో తుడిచి, అప్పుడు బొట్టు పెట్టేవారు. పూజలో ఎక్కువ భాగం ఆ కడగడమే. బొట్టు చివర్లో, పని అయిందని గుర్తు.

ఒహాయోలో చివరి కోత అయ్యేది ఆ పండగల రోజుల్లోనే. దసరా కుదరకపోతే దీపావళి. కొత్త పెట్రోల్లో స్టెబిలైజరు కలిపి ఐదు నిమిషాలు నడపండి, ఆయిలు మార్చండి, డెక్కు కింద గడ్డి గీకండి, బ్యాటరీ తీసి లోపల పెట్టండి. కిందటేడు మేమిద్దరం, నేనూ మా వాడూ, అలాగే చేశాం. నాన్న ఒంగోలు నుంచి ఫోనులో చూస్తూ "ఆ నట్టు ఇంకో చుట్టు తిప్పు" అని మనవడికి చెబుతూ కూర్చున్నారు. వాడి చొక్కాకి మసి అంటింది. మా ఆవిడ ఏదో అనబోతే, "అంటనీ" అన్నాను.

ఈ ఏప్రిల్లో తాళం వాడే తిప్పాడు. స్టార్టయింది.

ఉంటా మరి.