ఎన్నోసారి అని లెక్కపెట్టేదెవరు?

2008 జూన్‌ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పోలీసుల పడవపై మావోయిస్టులు జరిపిన దాడిలో 38 మంది చనిపోయారు. అత్యధికులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ గ్రేహౌండ్స్‌ కమాండోలే. అలాంటప్పుడు పోలీసు ఉద్యోగంలోని ప్రమాదం అందరి కంటా పడుతుంది. పరిహారం, పరామర్శలు, అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ ఉంటాయి. ఏమీ జరగకుండా గడిచిన రోజులు మనిషిని ఏం చేస్తాయో మాత్రం పట్టించుకునేవారు తక్కువ.

మావోయిస్టు ప్రాబల్య ప్రాంతాల్లో పనిచేసినవాళ్లను కల్వర్టు గురించి అడగండి. కింద మందుపాతర ఉందేమోనని జీపు దిగి, రోడ్డు వదిలి, పక్కనుంచి నడిచి దాటాలి. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు. ఆ సంగతి దాటాక గానీ తెలియదు కదా! గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుస్తాయి, ఒళ్లంతా దాడికి సిద్ధమైపోతుంది. ఒకసారైతే సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి అదే పనైతే ఆ బిగువే స్వభావమైపోతుంది. అలాంటివాడు సెలవు మీద ఇంటికొచ్చినా హోటల్లో గోడకు వీపు ఆనించి, తలుపు కనిపించే కుర్చీనే వెతుక్కుంటాడు. పిల్లాడు గ్లాసు కింద పడేస్తే ఉలిక్కిపడి అరుస్తాడు. ఇంట్లోవాళ్లు పోలీసు కోపం అనుకుని సరిపెట్టుకుంటారు.

అడవి ముఖం చూడనివాళ్లకూ ఈ భారం తప్పదు. రైలు పట్టాల దగ్గర శవ పంచనామాకు టేపు పట్టుకునేది కానిస్టేబులే. ముక్కలు ఏరించి, మూట కట్టించి, మార్చురీకి పంపి, మధ్యాహ్నానికి మంత్రిగారి బందోబస్తులో నిలబడేదీ ఆయనే. మధ్యలో స్నానానికి టైముంటే అదృష్టం. అమెరికన్‌ సైకియాట్రిక్‌ అసోసియేషన్‌ 2013లో సవరించిన రోగనిర్ధారణ ప్రమాణాలు ఈ పనిని గుర్తించాయి. విధుల్లో భాగంగా ఘోరాలను, వాటి వివరాలను పదేపదే ఎదుర్కొనేవారికీ పీటీఎస్‌డీ (ఘోర ఘటనల తర్వాత వదలకుండా వేధించే మానసిక రుగ్మత) రావచ్చని చెబుతూ, మృతదేహాల అవశేషాలు సేకరించేవారినీ, పిల్లలపై అఘాయిత్యాల కేసులు చూసే పోలీసులనూ ఉదహరించాయి.

24 దేశాల్లో 2,72,463 మంది పోలీసులపై జరిగిన పరిశోధనలను క్రోడీకరించి 2020లో ఒక విశ్లేషణ వెలువడింది. దాని ప్రకారం దాదాపు ఏడుగురిలో ఒకరికి డిప్రెషన్‌, ఇంచుమించు అంతేమందికి పీటీఎస్‌డీ. నాలుగో వంతు మంది తాగుడు ప్రమాదకర స్థాయిలో ఉంది. నాకు ఇంతకన్నా ముఖ్యమనిపించింది ఇంకొకటుంది. ఉద్యోగ ఒత్తిడితోపాటు, బాధను ఎదుర్కోకుండా తప్పించుకు తిరిగే అలవాటుకూ పీటీఎస్‌డీతో గట్టి సంబంధం కనబడింది. ‘పోలీసోడివి, ఇదేం పిరికితనం’ అనే డిపార్ట్‌మెంటు ఆ అలవాటును దగ్గరుండి నేర్పుతున్నట్టే.

కోలుకోవడానికి వ్యవధి ఉందా అంటే అదీ లేదు. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్‌ స్టాఫ్‌ కాలేజ్‌ 2014 నాటి అధ్యయనంలో, దేశంలో స్టేషన్‌ సిబ్బంది దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం 2019లో వీక్లీ ఆఫ్‌ ప్రకటించింది, సంతోషమే. ఖాళీలు నింపకపోతే, బందోబస్తు పడగానే మొదట ఎగిరిపోయేది ఆ ఆఫే.

లాకప్‌లో దెబ్బలు తిన్నవాడికి కొట్టినవాడి నిద్రలేమితో పనిలేదు. దౌర్జన్యానికి ఇవేవీ సాకులు కావు. కానీ నిద్రకు మొహం వాచి, ప్రతి కదలికలోనూ ముప్పునే చూసే మనిషి చేతికి లాఠీ ఇచ్చి ఫిర్యాదుదారుల ముందు కూర్చోబెడుతున్నది ఎవరు?

దీనికి మందుగా యోగా శిబిరాలు పెడతారు. నష్టమేం లేదు, ఫొటోలూ బాగా వస్తాయి. చిక్కంతా వేరేచోట ఉంది. ‘నిద్ర పట్టట్లేదు సార్‌’ అని చెప్పాలంటే కానిస్టేబుల్‌కు జబ్బుకన్నా ఎక్కువ భయాలుంటాయి. ఆయుధం వెనక్కి తీసుకుంటారేమో, ప్రమోషన్‌ ఆగుతుందేమో, రోల్‌కాల్‌లో నవ్వులపాలవుతానేమో. అందుకే బీపీ, షుగర్‌ చూసినట్టే కానిస్టేబుల్‌ నుంచి ఎస్పీ దాకా అందరికీ ఏటా మానసిక పరీక్ష పెట్టాలి. రివార్డులకూ మెమోలకూ రికార్డు ఉన్నప్పుడు, ఎన్ని శవ పంచనామాలు, ఎన్ని ఎదురుకాల్పులు చూశాడన్నదానికీ ఉండాలి. ఆ లెక్కనుబట్టి డ్యూటీ మార్చవచ్చు.

పరీక్ష వివరాలు డాక్టరు దాటి పోకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌ గోప్యతను హక్కుగా ఇచ్చింది. పై అధికారికి చేరాల్సింది డ్యూటీకి పనికొస్తాడా, కొంతకాలం ఆగాలా అన్నంతవరకే. ఆయుధం తాత్కాలికంగా తీసుకున్నా జీతానికీ సీనియారిటీకీ ఢోకా లేదని ముందే ఉత్తర్వు ఇవ్వాలి. అది చేతికి అందేదాకా ఏ పరీక్ష పెట్టినా ‘బాగానే ఉన్నాను సార్‌’ అనే రాసిస్తారు.